మా అయ్య గుడారం అడుగు

తేలు నా కూతురి చాప కింద ఉంది. విశాలి అప్పుడే లేచి నీళ్ల బిందె దగ్గరికి వెళ్లింది. చాప చుడదామని ఎత్తితే, నల్లగా, తోక పైకెత్తి కనబడింది. చెప్పుతో కొట్టి చంపాను. కోపం ఆ తర్వాత వచ్చింది.

పాతపట్నం దాటాక కొండ కింద మేము కౌలుకి పట్టిన జీడితోట ఉంది. జీడిపిక్కలు రాలే రెండు నెలలూ కాపలాకి అక్కడే మకాం. ఈ ఏడు మా ఆయన ఎల్లాజీ ఫోనులో చూసి నీలం గుడారం తెప్పించాడు. గొడుగులా విచ్చుకుంటుందని ఊరంతా చూపించాడు. మూడో రోజుకే దాని జిప్పు పళ్లు ఊడిపోయాయి.

"తోటన్నాక తేలుంటాది. సినిమాహాల్లో ఉంటాదేటే?" అన్నాడు.

"మా అయ్య గుడారంలో ఏడు ఎండాకాలాలు పడుకున్నాను బావా. ఒక్క చీమైనా దూరిందేటి?"

మా అయ్య దాన్ని రిటైరైన మిలట్రీ ఆయన దగ్గర కొన్నాడు. మందపాటి ఆకుపచ్చ కేన్వాసు. గోడలూ అడుగూ కలిపి సంచిలా కుట్టేసి ఉండేవి. తలుపు గుడ్డలు ఒకదాని మీద ఒకటి జానెడు ఎక్కి తాళ్లతో బిగిసేవి. అదంటే నాకేమీ ప్రేమ లేదు. పిక్కల కాలం, పరీక్షల కాలం ఒకటే కావడంతో నా ఏడో తరగతి దాంట్లోనే ఆగిపోయింది. కానీ దాంట్లో భయం లేకుండా నిద్రపోయాను. నా కూతురికి ఆ నిద్ర కావాలి.

అది పాతబడి ఇంట్లో అటకెక్కింది కాబట్టి కొత్తదే కొందామని, మా ఆయన నడిపే ఆటోలో పాతపట్నం వెళ్లి, టార్పాలిన్లు అమ్మే ధనరాజ్ కొట్లో అలాంటిది అడిగాను.

"ఇంకెక్కడిదమ్మా? ఆ కంపినీ కుట్టడం మానేసి ఎన్నేళ్లయిపోనాదో. ఏడాదికొకటి సిరిగితేనే గదా మాకు బేరం!" అని నవ్వాడు.

"ఆ మాట తేలుకి సెప్పండి," అని దిగివచ్చేశాను.

"ఇంటికాడ అటక మీద పాతదున్నాది కదా, అదే తీసుకెల్దాం," అన్నాను ఆటో ఎక్కుతూ. మా ఆయన అటక మాట వదిలేసి, ఇల్లు చేరేదాకా రోడ్డు గోతుల్ని తిడుతూ ఆటో నడిపాడు.

అటక మీంచి దించి వాకిట్లో పరిచాను. నాలుగు గోడలూ ఉన్నాయి. అడుగు లేదు. అంచంతా నీటుగా కోసి ఉంది.

"ఎలకలు గావాల," అన్నాడు మా ఆయన.

"ఎలకలు కత్తెర పట్టినాయేటి?"

ఆయన చూరు చూశాడు, కోళ్లను చూశాడు, ఆటోని మాత్రం చూడలేదు. దాంతో నాకు అర్థమైపోయింది. వెళ్లి వెనక సీటు గుడ్డ ఎత్తాను. లోపలివైపు నీలం సిరాతో పదమూడో ఎక్కం, సగం దాకా. పరీక్షలకని తోటలో గుడారం అడుగు మీద నేను రాసుకున్నదే. తిరగేసి, మడతలేసి కుట్టించాడు. పది నెలలుగా దాని మీదే కూర్చుని తిరుగుతున్నాను.

"నన్నడగొచ్చు కదా?"

"అడిగితే ఇస్తావేటి? పాతగుడ్డే గదా, కావాలంటే కొత్తది కొనొచ్చనుకున్నాను."

"కొను మరి! ఎవులు కుడతన్నారో సూపించు."

కుట్లు తెంపి గుడ్డ లాగేశాను. దబ్బనం, పురికొస తెచ్చుకుని వాకిట్లో కూర్చున్నాను.

"ఒసే, పేసింజర్లు ఏటి మీద కూకుంటారే?"

"సెక్క మీద కూకోమను. నా కూతురు మాత్రం తేలు మీద పడుకోదు."

మధ్యాహ్నం దాకా కుట్టాను. సీటు కొలతకని అంచులు కత్తిరించేశాడు కదా, ఒక పక్క రెండు జానలు తక్కువైంది.

"గోనెసంచి ఏసీయే," అన్నాడు.

దండెం మీద ఆయన పెళ్లిళ్లకి వేసుకునే జీన్స్ ప్యాంటు ఆరుతోంది. దాని రెండు కాళ్లూ మొదట్లోకి కోశాను. ఆయన అడ్డం రాబోయి, నా చేతిలో దబ్బనం చూసి వెనక్కి తగ్గాడు.

సాయంత్రం తోటలో గుడారం నిలబెట్టాం. విశాలి లోపలికి దూరి, "నాన్న ప్యాంటు!" అని అరిచి దాని మీదే బోర్లా పడుకుంది. నేను మోకాళ్ల మీద పాకుతూ కుట్టు పొడవునా వేలు పెట్టి నొక్కుకుంటూ వచ్చాను. వేలు దూరిన చోటల్లా ఇంకో కుట్టు వేశాను.