పూత కింద సీసం

డబ్బా మూత బిగించి, రెండు చేతులా పట్టుకొని, బ్రహ్మయ్య గుండ్రంగా ఊపడం మొదలుపెట్టాడు. లోపల వంద సీసపు గుండ్లు, గుప్పెడు నల్ల ప్లాస్టిక్ పూసలు, చెంచాడు ఎర్ర పూత పొడి. మొదట గులకరాళ్ళ మోత వస్తుంది. పొడి గుండ్లకు పట్టేకొద్దీ మోత మెత్తబడుతుంది. నిమిషం లెక్కపెట్టుకొమ్మని షెడ్డు యజమాని హోయ్ట్ మొదట్లో చెప్పాడు. బ్రహ్మయ్య ఏనాడూ లెక్కపెట్టలేదు. చెవికి తెలుస్తుంది.

ఇవాళ చెవికి తెలిసేలోపే చెయ్యి ఆగిపోయింది. కుడి మణికట్టు తడిగుడ్డలా వాలిపోయింది. డబ్బాను పొట్టకు ఆనించుకొని, ఎడమ చేత్తో మిగతా ఊపుడు ఊపాడు. హోయ్ట్ చూశాడేమోనని ఓరగా చూశాడు. ముసలాయన కిటికీ పక్కన, సీసం కరిగే కుండ దగ్గర వీపు చూపించి నిలబడి ఉన్నాడు.

క్యారీ ఊరు దాటి పడమరగా నలభై నిమిషాలు కారులో వస్తే, పైన్ చెట్ల మధ్య ఈ రేకుల షెడ్డు. పేలిన తుపాకీ తూటాల ఇత్తడి గొట్టాలను ఏరుకొని, మళ్ళీ మందు కూరి, కొత్త గుండు బిగించి కాల్చుకునే మనుషులు ఈ దేశంలో ఊరికి పదిమంది ఉంటారు. వాళ్ళకు గుండ్లు పోసి, పూత కాల్చి ఇవ్వడం హోయ్ట్ పని. డెబ్బై ఆరేళ్ళవాడు. వెనక ఫర్నిచర్ ఫ్యాక్టరీలో చేశాడు. అది మూతపడ్డాక ఇది పట్టుకున్నాడు. ఆరేళ్ళ నుంచి బ్రహ్మయ్య అతని చేతికింద ఉన్నాడు.

చెల్లెలు పద్మకు ఈ పని చెప్పుకోవడం నామోషీ. గుళ్ళో ఎవరైనా "మీ అన్నయ్యగారు ఏం చేస్తారండీ?" అనడిగితే "మెటల్ ఫినిషింగ్" అంటుంది. విన్నవాళ్ళు అదేదో ఇంజనీరు ఉద్యోగం అనుకొని తలలూపుతారు. ఎనిమిదో తరగతి తప్పినవాడికి అంతకంటే మర్యాద ఎక్కడ దొరుకుతుంది.

అతను పళ్ళెం మీద మైనం కాగితంలాంటి పలచని గుడ్డ పరిచాడు. సన్న పట్టకారుతో ఒక్కో గుండునూ తీసి, ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టాడు. తగిలితే అక్కడ పూత ఊడుతుంది. కుంకుమ అద్దిన వేలి కొసల్లా వరసలు కట్టాయి. పొయ్యి పెట్టెలోకి తోసి, గడియారం తిప్పాడు. ఇరవై నిమిషాలు.

"ఇవాళ కుండ దగ్గర నేనుంటా. నువ్వు పూత చూసుకో," అన్నాడు పొద్దున రాగానే హోయ్ట్. ఎప్పుడూ అలా అనడు. కరిగిన సీసం పైన తెట్టు తియ్యడంలో బ్రహ్మయ్య చెయ్యే మంచిదని అతనే ఒప్పుకున్నాడు. తర్వాత కాఫీ కప్పుతో వచ్చి, "ఒంట్లో ఎలా ఉంది బ్రామ్? ఏమైనా చెప్పాలా?" అనడిగాడు.

"ఆల్ గుడ్ బాస్."

చెప్పాల్సింది అన్నం సంచిలో, స్టీలు డబ్బా కింద, నాలుగు మడతల మీద ఉంది.

ఆ కాగితం సోమవారం వచ్చింది. మేనకోడలు అనుష్క చదివి పెట్టింది. నెత్తురులో సీసం ఎంతుందో చూసిన కాగితం. ముప్పై దాటితే షెడ్డులోకి రానివ్వనని హోయ్ట్ మొదటిరోజే వేళ్ళు చూపించి చెప్పాడు.

"మామయ్యా, ఫార్టీ వన్ ఉంది. దిస్ ఈజ్ నాట్ ఫన్నీ."

"నేను నవ్వానా?"

"అమ్మకి చెప్పాలి నువ్వు."

"చెబుదాంలే. నువ్వు చెప్పకు."

"ప్రామిస్ చేస్తే లై చేసినట్టు కదా?"

ఆ పిల్లకు పదిహేనేళ్ళు. అతను బుగ్గ గిల్లి పంపేశాడు.

ఈ పని పోతే ఇంకో పని లేదు. యాభై ఎనిమిదేళ్ళ కంచరివాడికి ఈ దేశంలో ఏముంది? వచ్చిన కొత్తలో ఇండియా కొట్టులో బియ్యం బస్తాలు మోశాడు. తర్వాత హోటల్లో గిన్నెలు తోమాడు. ఎక్కడా అతని చేతిని ఎవరూ చూడలేదు. వీసా కోసం పదమూడేళ్ళు ఎదురుచూసిన ఇంట్లో, తొమ్మిదో ఏట భార్య పోయింది. వచ్చింది ఒక్కడే. గ్యారేజీ పైన గదిలో ఉంటాడు. ఈ షెడ్డులో మాత్రం, నిప్పు, లోహం, పూత ముందు, అతను మళ్ళీ బ్రహ్మయ్య అవుతాడు. బావగారి ఇంట్లో మిగతా వేళంతా అతనొక సామాను.

పొయ్యి గడియారం మోగింది. తలుపు తీస్తే కాలిన ప్లాస్టిక్ వాసన. గుండ్లు చెర్రీపళ్ళలా మెరుస్తున్నాయి.

మధ్యాహ్నం కుళాయి దగ్గరకెళ్ళాడు. గోడకు నారింజరంగు సబ్బు సీసా ఉంది, సీసం పోవడానికని హోయ్ట్ కొనిపెట్టింది. ఆరేళ్ళలో బ్రహ్మయ్య దాన్ని నొక్కింది తక్కువ. బేసిన్ అంచున నిమ్మకాయంత చింతపండు ముద్ద ఉంటుంది. దానితో అరచేతులు, వేళ్ళ సందులు, గోళ్ళు రుద్దుకుంటాడు. లోహం మకిలి ఏదైనా చింతపండుకే వదులుతుందని పదేళ్ళ వయసు నుంచీ తెలుసు. చేతులు తెల్లగా తేలేవి. ఆ చేతుల్తో అన్నం కలుపుకొని తినేవాడు.

రక్తం తీసిన రోజున క్లినిక్‌లో డాక్టరమ్మ, మైత్రి అట, తెలుగు పిల్లే, "చేతులు దేంతో కడుగుతారు అంకుల్?" అని అడిగింది. గొప్పగా చెప్పాడు. ఆమె పెన్ను పక్కన పెట్టేసింది.

"పులుపుకి సీసం కరుగుతుంది అంకుల్. గోళ్ళల్లో కూర్చుంటుంది. మీరు కడుక్కోవట్లేదు, తింటున్నారు."

అప్పుడు తగిలిన దెబ్బ రక్తం లెక్కది కాదు. ఆ మాట అతనికి తెలుసు. అందరికంటే ముందు అతనికే తెలియాలి. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు పెట్టకండమ్మా, చిలుమెక్కి కడుపులోకి పోతుందని వీధివీధినా అరిచినవాడు. గిన్నెను నిప్పు మీద కాల్చి, నవాసాగరం పొడి చల్లి, తగరం కరిగించి దూదితో ఒక్క తిప్పు తిప్పితే లోపలంతా వెండిలా తళుక్కుమనేది. తగరం ఖరీదు. ఓ ఏడు, మేస్త్రీ చెప్పాడని, తగరంలో సగానికి సగం సీసం కలిపాడు. మెరుపులో తేడా లేదు. ఆడవాళ్ళు గిన్నెలో మొహాలు చూసుకొని మురిసిపోయారు. ఆ గిన్నెల్లో చారు కాగింది, పిల్లలు తిన్నారు. ఎవరికి ఏమైందో ఎవరూ వచ్చి చెప్పలేదు. అతనూ వెళ్ళి అడగలేదు.

ఇవాళ కూడా చెయ్యి అలవాటుగా చింతపండు మీదికే పోయింది. పట్టుకొన్నాక గుర్తొచ్చింది. వేళ్ళు నొక్కుకుపోయిన ముద్దను అలాగే అంచు మీద పెట్టి, సబ్బు సీసా నొక్కాడు.

అన్నం రెండు ముద్దలు మింగి, మూడోది కలపకుండా ఆపేశాడు. పద్మ ఫోన్ చేసింది.

"అన్నయ్యా, తిన్నావా? వచ్చేటప్పుడు కొత్తిమీర రెండు కట్టలు పట్రా. అనుష్క ఏంటో మూడ్రోజుల్నుంచి మొహం వేలాడేసుకుని ఉంది, నీకేమైనా చెప్పిందా?"

"పరీక్షలేమోలే."

"ఆగస్టులో పరీక్షలేంటి, నీ మొహం!"

డబ్బా మూత పెట్టాడు. షెడ్డు గుమ్మంలో పడుకున్న కుక్క ముక్కు ఎగరేసింది. "నీ పచ్చడి వాసనకు మా కుక్క రాజీనామా రాస్తానంటోంది," అని ఎప్పటిలా హోయ్ట్ నవ్వలేదు. దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"క్లినిక్ నుంచి కాగితం ఏమైనా వచ్చిందా?"

"నో బాస్. నాట్ కమ్."

"సరే."

సాయంత్రం దాకా ఇంకో నాలుగు పళ్ళేలు కాల్చాడు. ఎడమ చెయ్యి ఊపుడుకు అలవాటు పడింది. ఆఖరి పళ్ళెం చల్లారాక సుత్తి పరీక్ష. అది హోయ్ట్ చేస్తాడు. పళ్ళెంలోంచి ఒక గుండును కళ్ళు మూసుకొని తీస్తాడు, దాగలి మీద పెట్టి ఒక్కటి వేస్తాడు. సీసం రొట్టెలా పరుచుకుంటుంది. పూత దానితోపాటే సాగాలి. రేకులు లేస్తే పళ్ళేనికి పళ్ళెం కరిగించాల్సిందే. బయటికి ఎంత మెరిసినా అంతే.

దెబ్బ పడింది. గుండు అర్ధరూపాయంత బిళ్ళైంది. ఎక్కడా రేకు లేవలేదు. హోయ్ట్ దాన్ని వేళ్ళ మధ్య వంచి, కిటికీ వెలుగులో తిప్పి చూసి, బ్రహ్మయ్య అరచేతిలో పెట్టాడు.

"ఇంత మంచి పూత నేను కూడా వెయ్యలేను."

బ్రహ్మయ్య పళ్ళు కనిపించేలా నవ్వాడు.

"కాగితం నిజంగా రాలేదా బ్రామ్?"

"నాట్ కమ్, బాస్."

హోయ్ట్ సొరుగు లాగాడు. అదే కాగితం. అదే ముద్ర.

"నాకు మంగళవారం వచ్చింది. వాళ్ళు ఇద్దరికీ పంపుతారు."

బ్రహ్మయ్య చూపు అన్నం సంచి మీదికి పోయింది.

"పొద్దున్నుంచి కుండ దగ్గరికి ఎందుకు రానివ్వలేదనుకున్నావు? ముప్పై మాట పక్కనపెట్టి, మూడు నెలలు పూత బల్ల దగ్గరే ఉంచుదామనుకున్నా, అంకె దిగేదాకా. చెబుతావని మూడుసార్లు అడిగా."

"జాబ్ గో అని... ఫియర్, బాస్."

"తెలుసు." ముసలాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "కానీ కాగిన సీసం పక్కన నిలబడేవాడి మాట నమ్మలేకపోతే, నేనిక్కడ పనిచెయ్యలేను. ఏదో ఒక రోజు నీ చెయ్యి వణికిందనుకో, అప్పుడూ ఆల్ గుడ్ అంటావు."

బ్రహ్మయ్యకు చెప్పాలనిపించింది, ఇత్తడి గిన్నెల సంగతి, ఆ ఏడు సంగతి. ఇంగ్లీషులో దానికి తన దగ్గర మాటల్లేవు. తెలుగు వచ్చినవాడు ఎదురుగా ఉంటే చెప్పేవాడా అంటే, అదీ లేదు. ఏప్రన్ విప్పి మేకుకు తగిలించాడు. తాళంచెవి బల్ల మీద పెట్టాడు. బిళ్ళైన గుండును పళ్ళెంలోకి వదిలి, అన్నం సంచి తీసుకున్నాడు. మిగిలిన డబ్బు శుక్రవారం పంపిస్తానని హోయ్ట్ అన్నది తల తిప్పకుండానే విన్నాడు. బయట కారు రెండోసారికి గానీ అందుకోలేదు. పైన్ చెట్ల మధ్య దాని చప్పుడు రోడ్డెక్కేదాకా కుక్క చెవులు నిక్కించి విని, మళ్ళీ పడుకుంది.

హోయ్ట్ చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరకొచ్చాడు. సబ్బు సీసా కింద, బేసిన్ అంచున, నాలుగు వేళ్ళ అచ్చుతో చింతపండు ముద్ద నల్లగా ఎండిపోతూ ఉంది.