హిల్యా రౌతియో వంకర రైఫిల్

దుప్పటిలో చుట్టి తెచ్చిన రైఫిల్‌ను మారిట్ బల్ల మీద పెట్టి విప్పగానే వెర్నర్ హకాలా మొహం ముడుచుకున్నాడు. కుపారి ఊరికొక్కదానికే కాదు, సుపీరియర్ సరస్సు ఒడ్డున ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ నలభై ఏడేళ్లుగా తుపాకులు బాగుచేసి ఇస్తున్నవాడు ఆయన. తుప్పు పట్టినవి, ఇంటితో పాటు కాలినవి, పడవలోంచి నీళ్లలో పడి రెండేళ్ల తర్వాత వలకు చిక్కినవి, అన్నీ ఆ బల్ల మీదికి వచ్చినవే. ఇంత మంచి తుపాకీకి ఇంత అన్యాయం జరగడం మాత్రం అరుదుగా చూశాడు.

"ఎవడమ్మా దీన్నిలా కోసి పెట్టింది?"

"తెలీదండీ. మా తాత తను పుట్టిన దేశం వదిలి ఇక్కడికి వచ్చేటప్పుడు తెచ్చుకున్నాడట. తర్వాత మా అత్త వాడింది. మోకాళ్లు పనిచెయ్యడం లేదని ఈ ఏడు నాకిచ్చేసింది" అంది మారిట్. ఆమెకు ముప్ఫై అయిదేళ్లుంటాయి. పక్క ఊళ్లో స్కూలు బస్సు నడుపుతుంది. బస్సు బయట రోడ్డు మీదే ఆగి ఉంది.

వెర్నర్ కళ్లజోడు సర్దుకుని రైఫిల్‌ను దీపం కిందికి లాక్కున్నాడు. అక్రోటు కొయ్య. దాని మీద ఒకప్పుడు ఎవరో ఓపికున్న పనివాడు ఓక్ ఆకుల తీగ చెక్కాడు. ఆ తీగ భుజానికి ఆనే చోటు వరకూ వెళ్లాలి. మధ్యలోనే, సగం ఆకు దగ్గర, రంపంతో కోసేశారు. ఆ కోత కూడా తిన్నగా లేదు. కోసిన చోట నల్లటి రబ్బరు ముక్కకు రెండు మరలు బిగించారు. గొట్టాన్ని నాలుగు వేళ్ల మేర కత్తిరించి, మూతిని ఆకురాయితో రాశారు, అదీ ఒక వైపుకు వాలింది. పైన టెలిస్కోపు బిగించడానికి నాలుగు బెజ్జాలు. వాటిలో ఏ రెండూ ఒక వరసలో లేవు.

స్టవ్ పక్క కుర్చీలో కూచుని కాఫీ తాగుతున్న ఒర్విల్ మెడ సాచి చూశాడు. కలప లారీ నడిపి రిటైరయ్యాక ఆ కుర్చీ ఆయన సొంతం అయిపోయింది.

"బెజ్జాలు పెట్టినవాడు ఆ పూట గట్టిగా తాగినట్టున్నాడు" అన్నాడు ఒర్విల్.

"తాగినవాడి చెయ్యి ఇంతకంటే నయం. వీడెవడో గానీ డ్రిల్లు పట్టుకునే ముందు ఎవరినైనా అడిగుండాల్సింది" అన్నాడు వెర్నర్. "చూడమ్మా, మొహమాటం లేకుండా చెప్తున్నా. దీనికి కొత్త గొట్టం కావాలి, కొత్త కొయ్య కావాలి, బెజ్జాలన్నీ పూడ్చాలి. అన్నీ మారిస్తే ఇక మిగిలేది మీ తాత పేరొక్కటే. దుప్పుల సీజను ఇంకో నెలలో ఉంది. కొత్తది ఒకటి కొనుక్కో, దీన్ని గోడకి తగిలించుకో."

మారిట్ వెంటనే ఒప్పుకోలేదు. "గోడకి తగిలించడానికి ఇవ్వలేదండీ అత్త. అడవికి తీసుకెళ్లమని ఇచ్చింది. ఒక్కసారి విప్పి లోపల చూసి, అప్పుడు చెప్పండి. అప్పుడూ పనికిరాదంటే ఆవిడకి నేనే చెప్పుకుంటాను."

"సరే. చీటీ మీద ఏ పేరు రాయను?"

"అత్త పేరే రాయండి. హిల్యా రౌతియో."

ఒర్విల్ కాఫీ కప్పు కింద పెట్టేశాడు. "హిల్యాదా ఇది! ఓరి నాయనో, ఈ ముక్కతోనా ఆవిడ అన్ని దుప్పుల్ని కొట్టింది! వెర్నర్, ఇది నీ..."

అంతవరకూ అని, స్నేహితుడి మొహం చూసి ఆగిపోయాడు. మారిట్ బస్సుకు టైమైందని వెళ్లిపోయింది. కాసేపటికి ఒర్విల్ కూడా, ఎప్పుడూ లేనిది, ఇంట్లో పనుందంటూ లేచాడు.

వెర్నర్ ఒక్కడే మరలు విప్పాడు. గొట్టాన్ని కొయ్యలోంచి పైకెత్తి తిరగేశాడు. కొయ్య దాచి ఉంచిన చోట, గొట్టం అడుగున, రెండు చిన్న అక్షరాలూ ఒక సంవత్సరమూ కొట్టి ఉన్నాయి. వి. హ. 1969. తాను ముట్టుకున్న ప్రతి తుపాకీ మీదా అలా ముద్ర కొట్టడం ఆయనకు తండ్రి నేర్పిన అలవాటు.

అప్పుడు ఆయనకు ఇరవై మూడేళ్లు. తండ్రి పోయి ఆరు వారాలు. కొట్టు తెరవాలా, మూసేసి డెట్రాయిట్ వెళ్లి కార్ల ఫ్యాక్టరీలో చేరాలా అని తేల్చుకోలేక ఊగిసలాడుతున్న రోజులు. తండ్రి దగ్గర చూసిందే తప్ప సొంతంగా చేసింది లేదు. అప్పుడు మొదటగా వచ్చిన బేరం హిల్యా. "కొయ్య నా చేతికి పొడుగు. గొట్టం పొదల్లో అడ్డం పడుతోంది. చూపు కూడా ఆనడం లేదు, ఒక టెలిస్కోపు బిగించు అబ్బాయ్" అంది. మూడు పనులూ రెండు రోజుల్లో చేసి ఇచ్చాడు. ఆ ఏడాదే ఆవిడ కొమ్ములకు పదకొండు కొనలున్న మగ దుప్పిని కొట్టింది. ఊరి పత్రికలో ఫొటో వేశారు. ఫొటో కింద, తుపాకీ సరిచేసింది వెర్నర్ హకాలా అని కూడా రాశారు. ఆ తర్వాతి వారం నుంచి కొట్టుకు జనం రావడం మొదలైంది. తన పనితనం చూసే వస్తున్నారని ఆయన ఇన్నేళ్లూ అనుకున్నాడు.

ఇంకో సంగతి కూడా ఇప్పుడే తట్టింది. హిల్యా ఏటా వచ్చి తూటాలు కొనుక్కెళ్లేది, కుశలం అడిగేది. తుపాకీని మాత్రం మళ్లీ ఒక్కసారి కూడా తేలేదు.

మరునాడు పొద్దున్నే ఆయన కొట్టు మూసి, రైఫిల్‌ను ట్రక్కులో పెట్టుకుని హిల్యా ఇంటికి వెళ్లాడు. ఆవిడ వంటింట్లో యాలకుల రొట్టె కోస్తోంది. ఎనభై నాలుగేళ్లు. భుజం ఎత్తు కర్ర ఒకటి పక్కనే గోడకు ఆనించి ఉంది.

"తొందరగానే వచ్చావే" అంది. "కూచో. కాఫీ పోస్తాను."

"హిల్యా గారూ, ముందు నేను చెప్పేది వినండి. నిన్న దీన్ని చూసి, ఇది పాడుచేసినవాడిని మీ మేనకోడలి ముందే నానా మాటలూ అన్నాను. ఆ పాడుచేసింది నేనే."

"అవును, నువ్వే."

"మీకు తెలుసా?"

"ఎందుకు తెలీదు? నా తుపాకీ కదా" అంటూ ఆవిడ కప్పు ముందుకు జరిపింది. "ఇంటికి తెచ్చుకున్న రోజే తెలిసింది. ఊరి బయట గులకరాళ్ల గుంటకి తీసుకెళ్లి కాల్చాను. అట్టపెట్టె మధ్యలో గురి పెడితే తూటా పక్కకి పోయి తగిలింది."

వెర్నర్ కప్పు అందుకున్నాడు గానీ తాగలేదు. "మరి తిరిగి తేలేదేం? నేను మళ్లీ చేసిచ్చేవాణ్ణి."

"ఎలా చేసేవాడివి? చెయ్యడం వస్తే మొదటిసారే చేసుండేవాడివి కదా."

హిల్యా ఎదురుగా కూచుంది.

"ఆ వారం ఊళ్లో ఏమనుకుంటున్నారో నీకు తెలీదులే. తండ్రి చెయ్యి వీడికి రాలేదు, పండగలోపు కొట్టుకి తాళం పడుతుంది అనుకున్నారు. మొదటి బేరమే తుపాకీ పట్టుకుని నీ గుమ్మంలో గొడవపడితే ఏమయ్యేది? ఆ ఒర్విల్ గాడు ఆ రోజుల్లో లారీ వేసుకుని ఊరూరా తిరిగేవాడు. సాయంత్రానికి సరస్సు అవతలి ఒడ్డు దాకా తెలిసిపోయేది. నువ్వు వెళ్లిపోయేవాడివి. మీ అమ్మ ఒక్కతీ ఉండిపోయేది."

"అందుకని వంకర తుపాకీతో..."

"అందుకని మూడు పెట్టెల తూటాలు తీసుకుని మళ్లీ గుంటకి వెళ్లాను. మా ఆయన ఆర్విడ్‌కి అప్పటికే గని దుమ్ము ఊపిరితిత్తుల్లో నిండిపోయింది, నాలుగడుగులు వేస్తే దగ్గు. ట్రక్కులో కూచుని దుర్భిణీతో చూసి చెప్పేవాడు. 'ఎడమకి బెత్తెడు, హిల్యా. మళ్లీ ఎడమకి బెత్తెడే' అని. ఎప్పుడూ అంతే తేడా. వంకరైనా మాట మీద నిలబడే వంకర అది. అప్పుడు ఆర్విడే అన్నాడు, 'ఇది అబద్ధం ఆడదు, పక్కకి చూసి నిజం చెప్తోంది' అని. అప్పట్నించి కుడికి బెత్తెడు జరిపి కాల్చడం మొదలెట్టాను. ఎనభై గజాలు దాటితే మీట ముట్టుకునేదాన్ని కాదు. గాయపడి పారిపోయిన జంతువు ఒక్కటి కూడా లేదు నా చేతిలో."

ఆ నలభై ఏడేళ్లలో ఆ ఇంట్లో నలుగురు పిల్లలు పెరిగారనీ, మంచం పట్టిన ఆర్విడ్ పదహారేళ్లు బతికాడనీ, ఏటా చలికాలం వాళ్లు తిన్న మాంసం ఆ రైఫిల్ తెచ్చిందేననీ వెర్నర్‌కు తెలుసు. ఊరందరికీ తెలుసు. దుప్పి కనపడిన ఆ ఒక్క క్షణంలో, చలికి వేళ్లు కొయ్యబారి, ఊపిరి బిగబట్టుకుని, కళ్లకు కనిపిస్తున్న చోటు కాదని గురిని పక్కకు జరపడం ఎంత కష్టమో మాత్రం తుపాకుల మనిషి కాబట్టి ఆయనకు ఇంకా బాగా తెలుసు. తానైతే ఒక్క సీజను కూడా చెయ్యలేడు.

"పత్రికవాళ్లకి నా పేరెందుకు చెప్పారు?" అని అడిగాడు.

"సరిచేశాడని చెప్పాను. బాగా సరిచేశాడని చెప్పలేదుగా" అని హిల్యా నవ్వింది. "తర్వాత బాగానే నేర్చుకున్నావు. మా తమ్ముడి తుపాకీ నువ్వు చేసిచ్చినప్పుడు చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. మనసు కుదుటపడింది."

వెర్నర్ కప్పు కింద పెట్టాడు. "అయితే వినండి. దీన్ని మీ నాన్నగారు తెచ్చినప్పుడు ఎలా ఉందో అలా చేస్తాను. జర్మనీ నించి పాత గొట్టం తెప్పిస్తాను. కొయ్య మొత్తం కొత్తగా చెక్కుతాను. నా మీద పడిన పని ఇది."

"వద్దు."

"ఎందుకొద్దు?"

"మా నాన్న చూడ్డానికి రాడు. అప్పటి తుపాకీ నాకు కూడా పెద్దగా గుర్తులేదు. నాకు తెలిసిన తుపాకీ ఇది. మారిట్‌కి మాత్రం నేరుగా కాల్చేది కావాలి. పిల్లకి నీ తప్పు నేర్చుకునే ఖర్మ ఎందుకు? వంకర తీసెయ్. తక్కింది ముట్టుకోకు."

"కొయ్య పొట్టిది. మారిట్ మీకంటే జానెడు ఎత్తు."

హిల్యా రొట్టె ముక్క ఒకటి ఆయన ముందుకు జరిపింది. "అయితే కొయ్య కూడా. అంతే."

పనికి పద్దెనిమిది రోజులు పట్టింది. గొట్టం మూతిని లేత్ మెషీను మీద పెట్టి, వాలు పోయేదాకా సన్నగా చెక్కాడు. పాత బెజ్జాలు నాలుగూ పూడ్చి, కొత్తవి పెట్టే ముందు పదిసార్లు కొలిచాడు. స్టవ్ పక్కనుంచి ఒర్విల్ "ఇంకెన్నిసార్లు కొలుస్తావయ్యా, ఈ లోపల దుప్పులు ముసలివైపోతాయి" అంటే, "నలభై ఏడేళ్ల కిందట కొలవనిది కూడా ఇప్పుడే కొలుస్తున్నా" అన్నాడు. తర్వాత కుర్చీ లాక్కుని ఎదురుగా కూచుని, గులకరాళ్ల గుంట సంగతి, మూడు పెట్టెల తూటాల సంగతి, ఏదీ దాచకుండా చెప్పాడు. ఒర్విల్ చివరిదాకా ఒక్క జోకు కూడా వెయ్యలేదు.

"ఆవిడ నా గురించి అన్నది నిజమే. ఊరంతా చెప్పుండేవాణ్ణి" అన్నాడు ఆఖరికి.

"ఇప్పుడు చెప్పు" అన్నాడు వెర్నర్. "అందరికీ చెప్పు. నేనే చెప్పమన్నానని చెప్పు."

కొయ్య దగ్గరే ఆయన చేతులు తడబడ్డాయి. పాత అక్రోటుకు కొత్త ముక్క అతికించాడు. ఆగిపోయిన సగం ఆకును అందులోకి కొనసాగించాలని చూశాడు. మొదటి ముక్క మీద ఉలి జారింది. రెండోది మొద్దుగా వచ్చింది. మూడో ముక్క మీద ఆకు పూర్తయింది గానీ పాత పనివాడి ఆకులోని సన్నదనం దానికి రాలేదు. అతుకు మీద రంగు పూసి దాచేయవచ్చు. దాచలేదు. నూనె మాత్రం పట్టించి వదిలేశాడు.

నవంబరు రెండోవారంలో వెర్నర్, మారిట్, హిల్యా ముగ్గురూ గులకరాళ్ల గుంటకు వెళ్లారు. మారిట్ రాయి మీద చేతులు ఆనించుకుని మూడు తూటాలు కాల్చింది. మూడు బెజ్జాలనూ ఒక కాఫీ కప్పుతో మూసేయవచ్చు. ఆమె అట్టపెట్టె దగ్గరికి పరిగెత్తి, దాన్ని ఎత్తి పట్టుకుని గంతులేసింది.

"ఇటివ్వు" అంది హిల్యా. వద్దని మారిట్ అంటున్నా వినకుండా ట్రక్కు తలుపు మీద మోచేతులు ఆనించుకుని, కొయ్య పొడుగైందని గొణుక్కుని, కాల్చింది. తూటా మధ్యనుంచి కుడికి బెత్తెడు దూరంలో తగిలింది. ఆవిడ మళ్లీ కాల్చింది. మళ్లీ అక్కడే.

"నా కన్ను నేర్చుకున్నది ఇప్పుడిక మర్చిపోదులే" అంటూ రైఫిల్‌ను మారిట్ చేతికి ఇచ్చేసింది. "బాగుంది. బరువు కూడా సరిగ్గా కూచుంది." ఆ తర్వాత కొత్త ఆకు మీద బొటనవేలు రాసి చూసింది. "ఇది నువ్వు చెక్కావా?"

"నేనే. పాతదంత బాగా రాలేదు" అన్నాడు వెర్నర్.

"రాలేదు. అయినా బాగానే ఉంది."

సీజను మూడో రోజున మారిట్ దేవదారు చెట్ల కింద ఒక కుర్ర మగ దుప్పిని డెబ్బై గజాల నుంచి ఒకే తూటాతో కొట్టింది. తొడ మాంసం కాగితంలో చుట్టి, స్కూలు బస్సు కొట్టు ముందు ఆపి, వెర్నర్ బల్ల మీద పెట్టి వెళ్లింది. అప్పటికి ఒర్విల్ తన పని తాను చేసేశాడు. ఊరంతా కథ తెలుసు. ఆ చలికాలం కొట్టుకు వచ్చినవాళ్లలో చాలామంది ముందుగా అడిగింది తమ తుపాకీ గురించి కాదు, హిల్యా గురించి. వెర్నర్ చేతిలో పని ఆపి, ప్రతివాడికీ మొదటినుంచీ చెప్పేవాడు.