ధైర్యం చెప్పడానికి వచ్చినవాళ్లు

గోపాల్‌పేటలో సెంట్రింగ్ మేస్త్రీ జయపాల్‌ను ఎరగనివాళ్లు తక్కువ. స్లాబు పోసే రోజున అతని గొంతు వీధి చివరి దాకా వినిపించేది. కాంక్రీటు కలిపే మిషను ఆగినా అతని నోరు ఆగేది కాదు. అలాంటి మనిషి ఒక వేసవిలో మాట్లాడటం మానేశాడు.

ఇదీ కారణం అని చూపించడానికి ఏమీ లేదు. చేతినిండా పని ఉంది. కొడుకు ప్రదీప్ పాలిటెక్నిక్ చదువుతున్నాడు. భార్య రెబెకా ఇంటినీ ఇంటికి వచ్చేపోయేవాళ్లనూ చక్కగా చూసుకుంటుంది. కానీ పొద్దున కళ్లు తెరవగానే, లేచి మొహం కడుక్కోవడం కూడా తన వల్ల కాని పనిలా తోచేది జయపాల్‌కు. మంచం కింద చెప్పులకేసి కాసేపు చూసి గోడవైపు తిరిగి పడుకునేవాడు. కూరలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో తెలిసేది కాదు. ఫోను మోగితే గుండె దడదడలాడేది. ఒప్పుకున్న ఇల్లు సగంలో ఆగితే, యజమాని విసిగిపోయి వేరే మేస్త్రీని పెట్టుకున్నాడు. ఆ మాట విన్నప్పుడు తనకు బాధ కలుగుతుందేమోనని జయపాల్ ఎదురుచూశాడు. కలగలేదు. అందుకు మాత్రం భయపడ్డాడు.

ఊరివాళ్లు మంచివాళ్లు. మనిషి ఇలా అయిపోతే చూస్తూ ఊరుకోలేరు. వెళ్లి ధైర్యం చెప్పాలనుకున్నారు.

మొదట చర్చి పెద్ద యేసయ్య వచ్చాడు. మంచం పక్కన నిలబడి చక్కగా ప్రార్థన చేశాడు. తర్వాత కుర్చీలో కూర్చుని, మనసు గట్టి చేసుకోమన్నాడు. జయపాల్ తలూపాడు. యేసయ్య మాటకు అడ్డు రాకుండా ఎవరైనా తలూపి చాలా కాలమైంది. అందుకని ఇంకొంచెం చెప్పాడు. తన కొడుకులిద్దరూ పక్కపక్క ఇళ్లలో ఉంటూ ఒకరి మొహం ఒకరు చూసుకోని సంగతి చెప్పాడు. చెబుతూ చెబుతూ కంటతడి పెట్టుకున్నాడు. వెళ్లేటప్పుడు గడప దగ్గర రెబెకాతో, ఇప్పుడు జర నయంగా ఉందని అన్నాడు. ఎవరికి నయంగా ఉందో ఆమెకు అర్థం కాలేదు.

మర్నాడు మోటార్లు బాగుచేసే మాసయ్య వచ్చాడు. వరసకు జయపాల్‌కు మామ అవుతాడు.

“నీకేం తక్కువైంది? నన్ను జూడు” అన్నాడు వస్తూనే.

ఆ తర్వాత తనను చాలాసేపు చూపించుకున్నాడు. తనతోపాటు షాపు నడిపిన అన్న పోయినప్పటి నుంచి సరిగా నిద్రపట్టడం లేదట. మోటారు విప్పుతాడట, మళ్లీ ఎలా బిగించాలో తోచక దాని ముందే కూర్చుండిపోతాడట. ఇంట్లో చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదట. లేచి వెళ్లేటప్పుడు జయపాల్ భుజం తట్టి, గట్టిగా ఉండాలన్నాడు.

పక్కింటి పార్వతమ్మ రోజూ ఏదో ఒకటి గిన్నెలో పట్టుకొచ్చేది. జొన్నరొట్టెతో పాటు కోడలి సంగతులూ, మోకాళ్ల సంగతులూ వచ్చేవి. గిన్నె ఖాళీ కాకపోయినా ఆమె మనసు ఖాళీ అయ్యేది.

జయపాల్ దగ్గర కాసేపు కూర్చుంటే పానం తేలికవుతుందనే మాట పై వీధికీ పాకింది. ఎంత చెప్పినా వింటాడు, మధ్యలో తన గోల ఎత్తడు, ఒకరి మాట ఇంకొకరికి చేరవేయడు. ఇన్నేళ్లుగా నోరేసుకుని బతికినవాడికి దేవుడు ఇప్పుడు ఎంత ఓర్పు ఇచ్చాడో అని మెచ్చుకున్నారు. రెబెకా ఇంకో రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వేసింది. స్టవ్ మీద నుంచి టీ గిన్నె దిగేది కాదు.

అది ఓర్పు కాదని జయపాల్‌కు తెలుసు. “ఇక చాలు” అనడానికి కూడా శక్తి లేదు, అంతే. వాళ్లు తేలికపడి వెళ్లిపోయేవాళ్లు, వాళ్ల మాటలు మాత్రం ఆ గదిలోనే ఉండిపోయేవి. వాటితో పాటు ఇంకో ఆలోచన మొదలైంది. ఇన్ని కష్టాలున్నవాళ్లు లేచి తిరుగుతున్నారు, పనులు చేసుకుంటున్నారు. ఏ కష్టమూ లేని తను మాత్రం పడుకున్నాడు. అంటే తను దేనికీ పనికిరాడు. ధైర్యం చెప్పేవాళ్లు పెరిగేకొద్దీ ఈ ఆలోచన గట్టిపడింది.

ఒక మధ్యాహ్నం, వచ్చినవాళ్లందరూ వెళ్లాక, రెబెకా కప్పులు తీస్తోంది. జయపాల్ గోడకేసి చూస్తూ మెల్లగా అన్నాడు.

“నేను లేకున్నా మీకు నడుస్తది గదా.”

రెబెకా కప్పులు కింద పెట్టేసి, మంచం మీద అతని పక్కనే కూర్చుంది. ఆ రోజంతా అతన్ని వదల్లేదు. మర్నాడు పొద్దున్నే తలుపుకు తాళం వేసి, అడిగినవాళ్లకు జ్వరమని చెప్పింది. జ్వరమంటే ఊళ్లో ఎవరూ రెండో ప్రశ్న వేయరు. అతన్ని బస్సెక్కించి వనపర్తి పెద్ద దవాఖానకు తీసుకెళ్లింది.

డాక్టరు పరీక్ష చేసి, ఇది డిప్రెషన్ అనే జబ్బు అని చెప్పాడు. మాత్రలు రాసి, కౌన్సెలర్‌తో కూడా మాట్లాడమన్నాడు. కౌన్సెలర్ సుప్రియ చిన్న వయసు చూసి జయపాల్‌కు నమ్మకం కలగలేదు. ఆమె పొద్దున లేచింది మొదలు రోజు ఎలా గడుస్తోందో అడిగింది. అతను జవాబు చెప్పలేదు. ఆమె తొందరపెట్టలేదు. అలవాటు కొద్దీ జయపాల్ సర్దుకుని కూర్చున్నాడు. ఇక ఈమె కూడా తన కష్టాలు మొదలుపెడుతుందనుకున్నాడు. ఎంతసేపు చూసినా ఆమె మొదలుపెట్టలేదు. ఫ్యాను తిరుగుతోంది. ఆమె ఊరికే కూర్చుంది, అతని వైపే చూస్తోంది. చివరికి ఆ నిశ్శబ్దాన్ని మేస్త్రీయే భరించలేకపోయాడు.

“అందరొచ్చి ధైర్యం చెప్పిండ్రు మేడం. నాకు బతకబుద్ధి అయితలేదని చెప్పనీకె సందు దొరకలె.”

సుప్రియ ఉలిక్కిపడలేదు. అలా అనుకోవడం తప్పని కూడా అనలేదు. ఆ ఆలోచన ఎప్పుడెప్పుడు వస్తుంది, ఏమైనా చేసుకోవాలనిపించిందా అని నేరుగానే అడిగింది. అడిగినదానికల్లా అతను చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు. తర్వాత అతని ఒప్పుదలతో రెబెకాను లోపలికి పిలిచింది. అలాంటి ఆలోచన వచ్చినప్పుడు ఎవరికి చెప్పాలో, ఎక్కడికి రావాలో ముగ్గురూ కలిసి అనుకున్నారు.

వెంటనే నయమైపోలేదు. మాత్రలకు నోరు ఎండిపోయేది. రెండోసారి వెళ్లనని మొండికేస్తే రెబెకా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. రోజూ చిన్న పని ఒకటి చేయాలని సుప్రియ చెప్పింది. మొదట గేటు దాకా నడవడం, తర్వాత కూరగాయలు తేవడం. గేటు దాకా నడవడం కూడా ఒక పనేనా అని అతనికి సిగ్గేసింది. కానీ కొన్నాళ్లు ఆ పనే కష్టమైంది. ఇంకొకటి కూడా నేర్చుకోమంది. వినలేనప్పుడు వినలేనని చెప్పడం.

పార్వతమ్మకు ఆ మాట మొదట తగిలింది. కోడలి కథ సగంలో ఉండగా జయపాల్ లేచి కూర్చున్నాడు.

“అక్కా, ఇయ్యాల నాతోని ఇనుడు కాదు. రేపు జెప్పు.”

పార్వతమ్మ గిన్నెతో సహా వెళ్లిపోయింది. వారం తిరిగేసరికి, వనపర్తి తిరిగి తిరిగి జయపాల్ చెడిపోయాడని ఊళ్లో అనుకున్నారు. వానలు మొదలయ్యేనాటికి అతను సగం పూట పనికి వెళ్తున్నాడు, కూలీల మీద అరుస్తున్నాడు, చెప్పుకోవడానికి వచ్చినవాళ్లను మధ్యలో ఆపుతున్నాడు. మంచంలో ఉన్నప్పుడే మనిషి బాగున్నాడని ఒకరిద్దరు పైకే అన్నారు.

మాసయ్య మాత్రం రావడం మానలేదు. ఒక సాయంత్రం పోయిన తన అన్న సంగతి ఎత్తి, మళ్లీ అదంతా మొదటి నుంచి చెప్పాడు. జయపాల్ పూర్తిగా విన్నాడు.

“మామా, నువ్వు చెప్తే నేనింట. కాని ఇనుడొక్కటే నాకు తెలుసు. ఆడ ఒక మేడం ఉంది, ఒక్కసారి కలువు.”

మాసయ్య మొహం మాడ్చుకున్నాడు.

“నీకు బాగలేదని నేనొచ్చి ధైర్యం చెప్తే, నన్నే పిచ్చి దవాఖానకు పొమ్మంటవా?” అని టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

తర్వాతి నెల జయపాల్ ఒక్కడే వనపర్తి బస్సెక్కాడు. ముందు సీట్లో మాసయ్య ఉన్నాడు. ఇతన్ని చూసి, రాగి తీగ కొనడానికి వెళ్తున్నానన్నాడు. జయపాల్ సరేనన్నాడు. బస్టాండులో దిగాక, మామ ముందు వెళ్లనీ అని టీ బండి దగ్గర కావాలనే ఆలస్యం చేశాడు.

దవాఖానకు చేరేసరికి, కౌన్సెలింగ్ గది బయట బల్ల మీద మాసయ్య కూర్చుని ఉన్నాడు.

“ఎండ గొట్టింది. నీడకు కూసున్న” అన్నాడు. బయట ముసురు పట్టి ఉంది.

జయపాల్ పక్కన కూర్చున్నాడు. తడిసిన తల తుడుచుకున్నాడు. కాసేపటికి లోపలి నుంచి మాసయ్య పేరు పిలిచారు. మాసయ్య లేవకుండా అల్లుడి వైపు చూశాడు.

“పో మామా. నేనీడనే ఉంట.”

మాసయ్య చెప్పులు విప్పి లోపలికి వెళ్లాడు. తలుపు మూసుకుంది. చాలాసేపటి దాకా తెరుచుకోలేదు. తన వంతు దాటిపోతుండటం చూసి జయపాల్ రెండుసార్లు లేచి అటూ ఇటూ నడిచాడు. చివరికి పక్కన కూర్చున్న ముసలామెతో, కొంతమందికి ఎంతసేపు మాట్లాడాలో తెల్వదని, ఇవతల ఇంకొకరు కూర్చున్నారన్న ధ్యాసే ఉండదని ఫిర్యాదు చేశాడు.