ఇరవై ఆరో భాగం

విజయనగరంలో ఫంక్షన్ హాలు మెట్లెక్కేసరికే డేవిడ్‌రాజుకి మోకాళ్ళు లాగేశాయి. నెల్లిమర్ల జూట్‌మిల్లులో ముప్ఫై ఒక్క ఏళ్ళు మిషన్ల ముందు నిలబడ్డ కాళ్ళవి. రిటైరై నాలుగేళ్ళయినా వాటి అలసట తీరలేదు. అసలు రానన్నాడు. పాత సీరియల్ అభిమానులమంటూ శివాజీ అనే కాలేజీ లెక్చరరు మూడుసార్లు ఇంటికొచ్చి బతిమాలాడు. చివరికి భార్య రూబీ ఇస్త్రీ చొక్కా చేతిలో పెట్టి "ఎల్లండి, అంతలాగ పిలుస్తన్నారు కదా" అంటే బయల్దేరాడు.

ఆ సీరియల్ పేరు 'నింగి నౌక'. ఇరవై నాలుగేళ్ళ కిందట, తొంభైలో, టీవీలో ఇరవై ఆరు వారాలు వచ్చింది. చుక్కల మధ్య తిరిగే ఓడ, దాన్ని నడిపే కెప్టెను. అప్పుడప్పుడూ ఆ ఓడలోకి దారి తప్పిన ముసలి దంపతులు ఎక్కేవారు. వాళ్ళకి తమ గ్రహం ఎటుందో గుర్తులేదు. కనిపించినవాళ్ళనల్లా అడుగుతూ, నవ్విస్తూ, ఏదో ఒక మజిలీలో దిగిపోయేవారు. అలా ఐదు భాగాల్లో వచ్చారు.

ముసలాయన వేషం డేవిడ్‌రాజుది. బాప్టిస్టు చర్చిలో అతని క్రిస్మస్ నాటకాలు చూసినవాళ్ళెవరో చెబితే హైదరాబాదు పిలిపించారు. ముసలావిడ వేషం శ్రీకాకుళం లక్ష్మణమ్మది. తెర మీద మొగుడూ పెళ్ళాలు. కెమెరా ఆగగానే ఆమె "అన్నియ్యా, పెట్టుడు జుట్టు ఊడిపోతన్నాది సూసుకో" అనేది. అందరూ పడీ పడీ నవ్వేవారు.

"ఆఖరి భాగంలో పెద్ద సీను మీదే. ఉత్తరం రాస్తాం" అన్నారు సీరియల్ తీసేవాళ్ళు. ఆ మాట అతను మిల్లులో చెప్పాడు, చర్చిలో చెప్పాడు, టీకొట్టు దగ్గరా చెప్పాడు. ఉత్తరం రాలేదు. ఇరవై ఆరో భాగం వచ్చిన రోజు చర్చివాళ్ళంతా పాస్టరు గారింట్లో టీవీ ముందు కూర్చున్నారు. ముసలి దంపతుల ఊసే లేకుండా సీరియల్ అయిపోయింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే అతన్ని ఎక్కువ కోసింది. బాగా చెయ్యలేదు కాబట్టే తీసేశారనుకున్నాడు. ఆ ఏడు క్రిస్మస్ నాటకంలో వేషం వద్దన్నాడు. మళ్ళీ మొహానికి రంగు పూసుకోలేదు.

హాల్లో లక్ష్మణమ్మ ముందు వరసలో కూర్చుని ఉంది. ఒళ్ళు చేసింది, జుట్టు నిజంగానే నెరిసింది. శ్రీకాకుళంలో చేపల వ్యాపారం చేసుకునే ఇంటి పెద్దకోడలు. కెప్టెను వేషం వేసినాయన వస్తాడని రెండు గంటలు కూర్చోబెట్టారు. ఆయన రాలేదు. ఇద్దరికీ శాలువాలు కప్పారు. తర్వాత మైకు పట్టుకున్నవాళ్ళంతా కెప్టెను గురించే అడిగారు. ఆయన బయట కూడా అంత ఎత్తా, కోపిష్టా అని. తెలిసినంత వరకూ చెప్పి డేవిడ్‌రాజు నీరసంగా కూర్చున్నాడు.

భోజనాల దగ్గర శివాజీ ఒక జిరాక్సు కాగితాల కట్ట తెచ్చాడు.

"ఆఖరి భాగం మొదటిసారి రాసిన స్క్రిప్టండీ ఇది. ఇందులో సగం మీ ఇద్దరిదే. ఇంత మంచి సీను, మీరెందుకు రానన్నారు?"

డేవిడ్‌రాజు ముద్ద ఆకులోనే వదిలేశాడు. "నాను రానన్నానా? ఎవులు సెప్పేరు?"

"రాలేమని మీ ఇద్దరి పేరూ రాసి ఉత్తరం వచ్చిందటండీ, ఈ స్క్రిప్టు ఇచ్చినవాళ్ళు చెప్పారు" అని, తానేదో తప్పు మాట్లాడానని తోచి శివాజీ వడ్డన చూసే నెపంతో వెళ్ళిపోయాడు.

పక్కనే కూర్చున్న లక్ష్మణమ్మ తలెత్తకుండానే చెప్పింది.

"మనిద్దరినీ రమ్మని ఉత్తరం మా ఇంటికే వొచ్చింది అన్నియ్యా. నీకు కబురంపమన్నారు. మా మావగారు ఇంక వేషాలేస్తే గుమ్మం తొక్కొద్దన్నారు. నాను ఎల్లకపోతే నీ పక్కన ఇంకెవర్తినో పెడతారు. అది ఓర్సుకోలేకపోయేను. ఇద్దరికీ కుదరదని రాసీసేను."

డేవిడ్‌రాజుకి కోపం రావలసింది. రాలేదు. ఎప్పుడో అయిపోయిన పెళ్ళికి ఇప్పుడు శుభలేఖ అందినట్టుంది. చెయ్యి కడుక్కుని వచ్చి శాలువా మడిచి, కాగితాల కట్ట చంకలో పెట్టుకున్నాడు.

"నాకు సెప్పి ఏటి లాభం? మా ఇంటికొచ్చి రూబీకి సెప్పు. ఇన్నాళ్ళూ నా ఏడుపు మొగం సూసింది అది."

ఆమె లేచింది. నెల్లిమర్ల దాకా ఆటోలో ఇద్దరూ చెరో పక్కకి చూస్తూ కూర్చున్నారు.

రూబీ గుమ్మంలో బియ్యం ఏరుతోంది. లక్ష్మణమ్మ నిలబడే అంతా చెప్పింది. రూబీ చేట పక్కన పెట్టింది.

"తప్పే సేసేవు. ఈయన పండక్కి సర్చిలో ఎనక బెంచీలో కూకుని, నాటకం మొదలవగానే ఇంటికొచ్చీసేవోడు. పిల్లల దేవదూత వేషాలు కూడా సూడలేదు." పీట ముందుకి జరుపుతూ మళ్ళీ అంది. "ఆ ఉత్తరం ఇచ్చినా ఏటయ్యేది? ఎల్లొచ్చేవోడు. వొచ్చేక ఇంకో ఉత్తరం కోసం ఎదురుసూసేవోడు. కూకో, నీలు తాగు."

ఆ మాట నిజమేనని డేవిడ్‌రాజుకి తోచింది. తోచినందుకు మరీ నీరసం వచ్చింది. కాగితాల కట్ట బల్ల మీద పడేసి నులక మంచం మీద వాలాడు. లోపల ఆడవాళ్ళిద్దరూ నెమ్మదిగా ఏదో మాట్లాడుకుంటున్నారు. వింటూ వింటూనే నిద్రపోయాడు.

లేచేసరికి ఎండ వాలింది. లక్ష్మణమ్మ లేదు. రూబీ కళ్ళజోడు పెట్టుకుని, పెదాలు కదుపుతూ స్క్రిప్టు చదువుతోంది.

"ఎల్లిపోయిందా?"

"బస్సుకి ఎల్లింది. ఆదివారం ఫోన్ సేస్తానంది. సెయ్యమన్నాను."

అతను ఆమె చేతిలోని కాగితాలకేసి చూశాడు. "ఆ ముసిలోళ్ళకి ఆఖర్న ఏటవుతాది?"

"ఊరు సేరతారు" అంది రూబీ పేజీ తిప్పుతూ. "సేరేక అరుగు మీద కూకుంటారు. అంతే రాసున్నాది."

"ఊఁ" అన్నాడు డేవిడ్‌రాజు. మోకాలు పట్టుకుని మెల్లగా లేచి, ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మొదట్నించీ సదువు. ఇంటాను."