అరిగిన బిళ్లతో తీసిన కొలత

పోనీ, తనే పొట్టిగా కోశానని ఒప్పేసుకుంటే ఏం పోయింది? ఒక్క మాట. "నాదే పొరపాటు బావా, మళ్లీ చేస్తాను" అంటే అయిపోతుంది. అక్క ఊపిరి పీల్చుకుంటుంది, బావ రెండు వెటకారాలాడి ఊరుకుంటాడు, సాయంత్రానికల్లా కారు కదులుతుంది. ఇంత చిన్న అబద్ధం నోటిదాకా వచ్చి ఎందుకు ఆగిపోతోందో అతనికి అంతుపట్టలేదు.

బావ కారు రిపేర్ల షెడ్డు గుమ్మంలో కూర్చుని ఉక్కు తొడుగును వేళ్లతో తిప్పుతున్నాడు. క్లచ్ బేరింగును మోసే తొడుగు అది. పొడవు ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు. బావ చెప్పిందీ అంతే, తను లేతు మీద కోసిందీ అంతే. పొద్దున గేర్‌బాక్సు దించినప్పుడు ఊడదీశారు. అరచేతిలో వెచ్చబడి, ఏ పాపమూ ఎరగనట్టు మెరుస్తోంది.

లోపల బావ స్టూలు మీద కూర్చుని బోల్టులు తుడుస్తున్నాడు. పక్కన జాకీల మీద ఆయన పాతకాలపు కారు. ఇంజను ఇప్పటికీ గుండ్రాయిలా ఉంది గాని గేర్‌బాక్సు పళ్లు రాలిపోయాయి. దానికి సామాన్లు ఎక్కడా దొరక్కపోయేసరికి వేరే కారు గేర్‌బాక్సు తెచ్చి బిగించారు. తంటా అంతా ఆ రెంటికీ మధ్యనుండే క్లచ్‌తోనే.

"రెండిళ్ల వియ్యంరా ఇది," అన్నాడు బావ, పని మొదలుపెట్టిన రోజున. "క్లచ్ బిళ్ల గేర్‌బాక్సు వైపు చుట్టం. ఆ షాఫ్టు పళ్లకే సరిపోవాలి. దాన్ని అదిమిపట్టే మూతేమో ఇంజను వైపు చుట్టం. ఇద్దరూ అతుక్కుపోయి ఉంటారు. గేరు మార్చినప్పుడల్లా వాళ్లని విడదీసే పెద్దమనిషి ఈ బేరింగు. వాడి చెయ్యి అందకపోతే ఇక అంతే సంగతులు."

ఆ చెయ్యి అందలేదు. నిన్న పెడలు నేలకంటా తొక్కినా క్లచ్ విడలేదు. గేరు వెయ్యబోతే లోపల గరగరమంది. ఇంజను ఆపేసి బావ చాలాసేపు స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. అప్పుడు ఆయన మొహంలోకి చూడకుండా ఉండడానికి తను పానాలు సర్దుతున్నట్టు నటించాడు.

"వెంట్రుకవాసీ," అని పిలుపు వినిపించింది.

వెంట్రుకవాసి తేడా కూడా ఒప్పుకోడని బావే పెట్టిన పేరు అది. తన నెత్తి మీద వెంట్రుకలన్నీ రాలిపోయినా పేరు మాత్రం రాలలేదు.

"వస్తున్నా బావా."

"నీ లేతుకి కళ్లజోడు పెట్టించరా. పొట్టిగా కోస్తోంది."

అతను నవ్వేశాడు. ఆ నవ్వు తనకే నచ్చలేదు.

అసలు సంగతి అతనికి పొద్దున్నే తెలిసింది. కొత్త బిళ్లను బయటికి తీసి, మూల పడున్న పాతదాని పక్కన పెట్టాడు. పాతది అరిగి, కొత్తదానికన్నా గోరంత పలచగా ఉంది. బావ కొలత తీసిన రోజున కొత్త బిళ్ల ఇంకా కొట్టు నుంచి రాలేదు. పాతదే పెట్టి మూత బిగించి కొలిచాడు. బిళ్ల పలచనైతే, బేరింగు వచ్చి నొక్కే మూత వేళ్లు దాని వైపు పొడుచుకొస్తాయి. మందమైనది పెడితే బేరింగుకి అందకుండా వెనక్కి జరుగుతాయి. బిళ్లలో గోరంత తేడా వేళ్ల దగ్గరికొచ్చేసరికి మూడు నాలుగింతలవుతుంది. కొత్తది రాగానే మళ్లీ కొలుద్దామని బావ అనుకునే ఉంటాడు. మరిచిపోయాడు.

ఎవరైనా మరిచిపోతారు. కానీ నిరుడు తలలో రక్తం గడ్డకట్టినప్పటినుంచి ఆయన మరుపు ఉత్త మరుపుగా చెల్లడం లేదు. అప్పట్లో చెంచా అనబోయి తాళంచెవి అనేవాడు. మాటలన్నీ ఒక్కటొక్కటే తిరిగొచ్చాయి. ఇంట్లోకి వచ్చిన భయమే తిరిగి పోలేదు.

"ఇది కదిలితేనే మీ బావ మళ్లీ షెడ్డు తెరుస్తారట," అంది అక్క పొద్దున వంటింట్లో, గొంతు తగ్గించి. "లేదంటే పానాలన్నీ ఎవరికైనా ఇచ్చేస్తానంటున్నారు. నువ్వు కాస్త చూసుకోరా."

చూసుకోవడమంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. పేకాటలో ఆయన్ని గెలిపించడం, చెప్పిన కబురే మళ్లీ చెబితే మొదటిసారి విన్నట్టు నవ్వడం. అందులో కష్టమేమీ లేదు. ఇంకా చెప్పాలంటే కాస్త హాయిగా కూడా ఉంటుంది. ఆకురాయి ఎలా పట్టుకోవాలో తనకి నేర్పిన మనిషి, తన పనిలో వంక పెట్టని రోజు లేని మనిషి. అలాంటివాణ్ణి ఆయనకి తెలియకుండా క్షమించడంలో ఏదో రుచి ఉంది. ఆ రుచి నాలుక మీద తగలగానే అతనికి సిగ్గేసింది. ఇది ప్రేమేనా, ఆయనకన్నా పైన కూర్చోడానికి ఇన్నాళ్లకి దొరికిన ఎత్తుపీటా?

లేచి లోపలికి వెళ్లాడు.

"అక్క ఏమంటోంది?" అన్నాడు బావ, తల ఎత్తకుండానే.

"ఏముంటుంది. నువ్వు వేళకి తినట్లేదంటోంది."

"తింటూనే ఉన్నాగా. నిన్న మీ అందరి ముందూ కూర్చునే తిన్నాను." బోల్టును వెలుతురుకేసి పట్టి చూశాడు. "తింటూ ఓ మాటన్నాను, గుర్తుందా? ఈ కారుది ఆరు సిలిండర్ల ఇంజనని."

అతనికి గుర్తుంది.

"ఎన్ని సిలిండర్లురా దీనికి?"

"నాలుగు."

"మరి నిన్నెందుకు చెప్పలేదు?"

అతను చేతిలోని తొడుగును మళ్లీ తిప్పసాగాడు.

"మీ అక్కకి తెలియదనుకో. నీకు తెలుసుగా. ఔను బావా, ఆరే అన్నట్టు తలాడించావు." బావ గొంతులో కోపం లేదు. "కావాలనే అన్నాను. ఒక్కడైనా కాదంటాడేమోనని చూశాను. పూర్వం నేను ఒకటి తప్పు చెబితే పీక మీద కూర్చునేవాడివి."

"పోట్లాట ఎందుకులే అని…"

"పోట్లాట లేకపోతే నాకెలా తెలుస్తుందిరా, నా బుర్ర ఎక్కడ సరిగ్గా ఉందో, ఎక్కడ లేదో? అందరూ తలాడిస్తుంటే దూదిలో నడుస్తున్నట్టుంది. కాలు ఎక్కడ పడుతోందో తెలియట్లేదు." తుడిచిన బోల్టును డబ్బాలో వేశాడు. "సరే, పోనీ. ఎంత పొడుగు పెంచుతావు?"

అదే సందు. "నాలుగు మిల్లీమీటర్లు పెంచుతాను బావా, నేనే పొట్టిగా కోశాను" అంటే ఈ పూట గడిచిపోతుంది. కారు కదులుతుంది, షెడ్డు తెరుచుకుంటుంది. తలుపులు బార్లా తీసి, దూదిలో నడుస్తూ ఆయన పని చేసుకుంటాడు. నిజం చెబితే ఆయన ఈ క్షణానే పానాలు మూట కట్టేయొచ్చు. రెండో దారికి పూచీ ఇచ్చేవాళ్లెవరూ లేరు. అక్క జీవితాంతం దెప్పుతుంది. దెప్పినా ఆమెదే న్యాయం కావచ్చు.

బావ అతని వైపే చూస్తున్నాడు. జబ్బు తర్వాత ఎడమకన్ను రెప్ప కాస్త వాలింది. కుడికన్ను మాత్రం, ఆకురాయి వంకరగా పట్టుకున్న రోజుల్లో చూసినట్టే, జవాబు కోసం చూస్తోంది.

అతను వెళ్లి ఆయన ఎదురుగా నేలమీద కూర్చున్నాడు.

"నేను పొట్టిగా కోయలేదు బావా," అన్నాడు. "నువ్వే పాత బిళ్లతో కొలిచావు."