జిలానీ సాబు తెలుగు

జిలానీ సాబు ఆదోనిలో ఒక చిన్న మసీదుకు ఇమాము. పుట్టింది రాయచూరులో, చదివింది ఉర్దూ, అరబీ. మనిషి బంగారమే, తెలుగే ఆయన నోట్లో కుంటుతూ నడిచేది. ఒకరోజు కూరగాయలామెను ఇస్తారా అనడానికి కన్నడం కలిపి "వంకాయలు కొడతారా?" అని అడిగాడు. "అవేం తప్పు సేసినాయి సాబూ, కొట్టేదానికి?" అని ఆమె నవ్వింది. బజారంతా నవ్వింది.

ఆయన మతం పాఠాలు చెప్పాల్సింది మాత్రం ఎమ్మిగనూరు దూదేకులవాళ్ళకు. వాళ్ళ ఇళ్ళలో తరతరాలుగా తెలుగే. నమాజు చేస్తారు, రంజాన్ ఉపవాసాలు ఉంటారు, ఉర్దూ మాత్రం రాదు. పాఠమంతా తలలూపుతూ విని, బయటికొచ్చాక "సాబు ఏం సెప్పినాడప్పా?" అని ఒకరినొకరు అడుక్కునేవాళ్ళు. ఆ సంగతి సాబుకూ తెలుసు. తెలిసి కుమిలిపోయేవాడు.

మసీదు కమిటీలో ఖాదర్‌లింగ అని ఒకాయన ఉన్నాడు. సెల్‌ఫోన్ల షాపు ఆయనది. ఫోనులోకి కృత్రిమ మేధ తెచ్చిపెట్టాడు. సాబు ఉర్దూలో చెబితే చాలు, అది సాబు గొంతుతోనే చక్కటి తెలుగులో పాఠం చెప్పి అందరికీ వాట్సాప్‌లో పంపేది. జనం అందులోనే ప్రశ్నలడిగితే, సాబును లేపకుండానే జవాబులూ ఇచ్చేది.

"ఇది మిషినని అందరికీ సెబుదాం సాబూ," అన్నాడు ఖాదర్‌లింగ.

"తర్వాత చూద్దాంలే," అన్నాడు సాబు.

ఎందుకంటే అప్పటికే పొగడ్తలు మొదలయ్యాయి. సాబుకు తెలుగు ఎంత బాగా వచ్చేసిందో అని ఎమ్మిగనూరంతా ఒకటే మాట. జీవితంలో మొదటిసారి తన మాట జనానికి అందింది. ఆ సంతోషాన్ని పోగొట్టుకోవడానికి ఆయనకు మనసొప్పలేదు. ఎదురుపడిన వాళ్ళతో మాత్రం సలాం చెప్పి, చిరునవ్వు నవ్వి, గబగబా నడిచిపోయేవాడు.

అలా ఉండగా మగ్గం నేసే హుసేనమ్మ తల్లి పీరమ్మ చనిపోయింది. దినం నాడు వచ్చి ఫాతిహా ప్రార్థన చదవమని హుసేనమ్మ ముందే కబురు పెట్టింది. సాబు ఆదోనిలో బస్సెక్కి వేళకే వెళ్ళాడు. వెళ్ళేసరికి ఇంట్లో పొయ్యి వెలగలేదు. చాప పరవలేదు. బంధువులెవరూ లేరు. హుసేనమ్మ మగ్గం దగ్గర చేతులు ముడుచుకుని కూర్చుని ఉంది.

"ఏమమ్మా, తయారీ లేదు?" అన్నాడు.

"మీరే వద్దంటిరి గదా సాబూ," అంది ఆమె. ఆ గొంతులో కోపం లేదు. అదే ఆయన్ను ఎక్కువ భయపెట్టింది.

ఆమె ఫోను తీసి వినిపించింది. ముందు ఆమె ప్రశ్న: "సాబూ, మాయమ్మకు సదివింపులు సేయాల. ఏమేమి పెట్టాల?" తర్వాత సాబు గొంతు, అచ్చమైన తెలుగులో: "చదివింపులంటే పెళ్ళిళ్ళలో ఇచ్చే కానుకలు. అవి బతికి ఉన్నవారికే. మరణించినవారికి చదివింపులు చేరవు. అవి మానుకోండి."

సాబుకు తప్పెక్కడ జరిగిందో అర్థమైంది. రొట్టె, బెల్లం కలిపి మలీద చేసి, ముందు పెట్టి, చనిపోయినవాళ్ళ పేరున ఫాతిహా చదివించడాన్నే ఈ ఇళ్ళలో చదివింపులంటారు. వచ్చిన కొత్తలో ఆయన నేర్చుకున్న మొదటి మాటల్లో అదొకటి. అంత తెలుగు వచ్చిన మిషినుకు అదొక్కటి తెలియలేదు.

"మాయమ్మకు అరబీ రాదు, ఉర్దూ రాదు," అంది హుసేనమ్మ. "మగ్గం కాడ కూసోని తెలుగులోనే అల్లాతో మాట్లాడుకుంటాండె. సదివింపులే సేరవంటే ఆ దువాలూ సేరలేదేమో, మేం సేసేదీ సేరదేమో అనుకుంటి. వచ్చేవాళ్ళను రావద్దని సెప్పేస్తి."

నోరు జారిందని చెప్పి తప్పించుకోవచ్చని సాబుకు ఒక్క క్షణం అనిపించింది. కానీ అంత తెలుగు మాట్లాడేవాడికి చదివింపులంటే తెలియదా అని ఆమె అడిగితే ఏం చెప్తాడు? అయినా ఎదురుగా ఉన్నది తల్లిని పోగొట్టుకున్న మనిషి. ఆయనకు సిగ్గేసింది. నేల మీదే కూర్చున్నాడు.

"అమ్మా, అది నేను కాదు. మిషిన్. గొంతు నాది, మాట దానిది."

"ఇన్ని దినాలూ మాట్లాడింది?"

"అన్నీ మిషినే. నాకి తెలుగు ఇంతే వస్తాది. మాఫ్ చేయండి."

హుసేనమ్మ ఫోను పక్కన పెట్టేసింది. "అట్లయితే మీ నోటితో సెప్పండి. బిడ్డ అడిగితే అమ్మకు సేరుతాదా, సేరదా?"

"చేరుతాది. పక్కా చేరుతాది."

"తెలుగులో అడిగినా?"

సాబు మాటల కోసం తడుముకున్నాడు. ఫోను జేబులోనే ఉంది, తీయలేదు.

"నా తెలుగే అల్లాకి అర్థం అయితాది అమ్మా. మీ అమ్మ తెలుగు ఎందుకు అర్థం కాదు?"

హుసేనమ్మకు నవ్వొచ్చింది. నవ్వుతుండగానే ఏడుపూ వచ్చింది. కళ్ళు తుడుచుకుని కొంగు తల మీదికి లాక్కుంది. మలీద లేదు, ఊదొత్తి లేదు. రెండు చేతులూ చాచి, "అల్లా, మాయమ్మను సల్లగ సూసుకో, ఆయమ్మకు మోకాళ్ళ నొప్పులు, మెల్లగ నడిపిచ్చుకోనిపో," అంటూ మొదలుపెట్టింది. పక్కన సాబు కూడా చేతులు చాచాడు. ఆమె మాటల్లో సగం ఆయనకు అర్థం కాలేదు. అన్నింటికీ ఆమీన్ అన్నాడు.