పళ్ళ క్లినిక్కు తొట్టిలో జుట్టు నాచు

ఉప్పునీళ్ళు ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని అందులో ఉప్పెంతో, సున్నమెంతో, నిన్న చేపలు పోట్లాడుకున్నాయో లేదో కూడా చెప్పగల మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆయన్ని అందరూ ఉప్పాయన అంటారు. ఇందులో అబద్ధం ఉంటే నా మీసం తీయించుకుంటాను.

ఉప్పాయన పని అక్వేరియాలు చూసుకోవడం. మంచినీళ్ళ తొట్లు ఎవరైనా చూస్తారు. ఈయనవి సముద్రపు నీళ్ళ తొట్లు, లోపల బతికున్న పగడాలు. ఆయన చేతికింద అలాంటివి ఏడున్నాయి. అన్నిట్లోకీ ముద్దుబిడ్డ, పళ్ళ డాక్టరమ్మ క్లినిక్కులోది. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్ళు బుగ్గ పట్టుకుని దాని ముందు కూర్చునేవారు. నారింజరంగు చారల చేప ఒకటి వాళ్ళకెదురుగా వచ్చి నోరు తెరిచేది.

“అదీ చూపించుకోడానికే వచ్చిందండీ. మీ తరవాత దాని వంతే” అనేది చీటీలావిడ. భయంతో బిగుసుకున్నవాళ్ళు కూడా నవ్వేవారు.

చీటీలావిడ అంటే ముందు బల్ల దగ్గర పేర్లు రాసుకుని నంబరు చీటీ ఇచ్చే మనిషి. నలభై అయిదేళ్ళుంటాయి. పన్నెండేళ్ళుగా అదే కుర్చీ. చేపలకి పొద్దున ఒక చిటికెడు, సాయంత్రం ఒక చిటికెడు తిండి వేసేదీ ఆవిడే. ఉప్పాయన్ని ‘అన్నయ్యా’ అనేది. ఆయన వచ్చిన రోజున తన ఫ్లాస్కులో టీ సగం ఆయనకి పోసేది.

వారానికోసారి ఆయన వచ్చి తొట్టిలో కొన్ని నీళ్ళు తీసేసి కొత్తవి పోస్తాడు. ఆ కొత్తనీళ్ళు ఇంట్లో మిషను మీద వడగట్టి, ఉప్పు కలిపి, రెండు పెద్ద డబ్బాల్లో మోసుకురావాలి. కుళాయి నీళ్ళు మనకి మంచివే కానీ పగడాలకి కాదు. వాటిలో కంటికి కనబడని ఎరువు ఉంటుంది. చేపకి తెలియదు, నాచుకి తెలుస్తుంది.

ఒకనాడు లిఫ్టు చెడిపోయింది. క్లినిక్కేమో రెండో అంతస్తులో ఉంది, ఆయన మోకాలేమో మొదటి అంతస్తు దాకానే ఒప్పుకుంది. సరే, ఈ ఒక్కసారికీ అనుకుని, చేతులు కడుక్కునే కుళాయి దగ్గరే బకెట్టు నింపాడు. క్లోరిన్ పోయే మందు నాలుగు చుక్కలు వేశాడు, ఉప్పు కలిపాడు, నాలుక మీద చుక్క వేసుకున్నాడు. “అమృతం!” అన్నాడు.

లిఫ్టు నాలుగు రోజులకి బాగైంది. ఆయన బుద్ధి బాగవలేదు. తేలిక పనికి అలవాటుపడ్డ చెయ్యి బరువు ఎందుకెత్తుతుంది?

మొదట రాళ్ళ మీద పచ్చటి నూగు వచ్చింది. తరవాత గడ్డమైంది. మూడో నెలకి రాళ్ళు కనబడకుండా పచ్చటి జుట్టు బారెడు పెరిగి నీళ్ళలో ఊగుతోంది. రెండు పగడాలు ముడుచుకుపోయాయి. చేప ఆ జుట్టులో దారి తప్పి, దువ్వెన కోసం వెతుక్కునేది.

“ఇక్కడ క్షవరం కూడా చేస్తారా?” అన్నాడు, నోట్లో దూది పెట్టుకున్న ఒకాయన. నలుగురూ నవ్వారు. సరిగ్గా అప్పుడే డాక్టరమ్మ బయటికొచ్చింది.

“ఏంటండీ ఇది? తొట్టి మీ చేతిలోనేగా ఉంది?”

నలుగురి ముందు తన నాలుక ఓడిపోవడమా? ఉప్పాయన తొట్టిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

“నీళ్ళు బంగారం, డాక్టరమ్మా. తిండి ఎక్కువైంది. మిగిలింది కుళ్ళి ఈ గడ్డి పెరిగింది.”

తిండి వేసేదెవరో ఆయన చెప్పలేదు. చెప్పక్కర్లేదు కదా!

డాక్టరమ్మ చీటీలావిడ వైపు తిరిగింది. “మొన్న రెండు ఫైళ్ళు తారుమారు చేశావు. ఇప్పుడిది. చిటికెడు తిండి కొలిచి వెయ్యలేకపోతే ఎలా? ఆ తిండి డబ్బా ఇలా ఇయ్యి. రెండు నెలల్లో మా తమ్ముడి కూతురు చదువు పూర్తిచేసుకుని వస్తుంది, ఈ కుర్చీలో దాన్ని కూర్చోబెడతాను. నువ్వు లోపల పనిముట్లు కడుగుదువుగాని.”

“నేను చిటికెడే వేశానండీ మేడమ్” అంది చీటీలావిడ. అని ఉప్పాయన వైపు చూసింది, సాక్ష్యం చెబుతాడేమోనని. ఉప్పాయన గొట్టం చుట్టలు విప్పుతూ కూర్చున్నాడు. అది విప్పే ఉంది.

ఆ రోజూ టీ వచ్చింది. చల్లారేదాకా ఆయన కప్పు ముట్టుకోలేదు.

ఆ తరవాత డాక్టరమ్మే రెండు రోజులకోసారి నాలుగు గింజలు వేసేది. చేప సన్నబడింది. నాచు మాత్రం లావెక్కింది. మూడు వారాలు గడిచాక చీటీలావిడ బల్ల వెనకనుంచే మెల్లిగా అడిగింది.

“అన్నయ్యా, నేను తిండి వెయ్యడం మానేసి మూడు వారాలైంది. మరి ఆ గడ్డి ఏం తిని పెరుగుతోంది?”

“పాత తిండి, చెల్లెమ్మా. రాళ్ళ సందుల్లో ఉండిపోతుంది.”

“అంతేనంటావా?”

“అంతే.”

ఒక అబద్ధానికి తోడుగా ఇంకో అబద్ధాన్ని కాపురానికి తెచ్చాడన్నమాట. ఆవిడ తలూపింది. నమ్మి ఊపిందో, ఇక అడగడం దండగని ఊపిందో ఆయనకి తెలియలేదు. లిఫ్టు సంగతి మరిచి మెట్లు దిగుతుంటే మోకాలి నొప్పి గుర్తే రాలేదు. అంతకంటే పైన ఇంకేదో నొప్పెట్టింది.

ఇంటికెళ్ళేసరికి భార్య ఆ రెండు పెద్ద డబ్బాలూ వాకిట్లో బోర్లించి దులుపుతోంది.

“ఏవండీ, వీటిలో సాలీడు గూడు కట్టి పిల్లల్ని కూడా పెట్టింది. క్లినిక్కుకి నీళ్ళు వేటిలో మోస్తున్నారు? దోసిట్లోనా?”

ఉప్పాయన వంగి చెప్పులు విప్పుకున్నాడు. భార్య చేతిలో చీపురు ఆగింది.

“ఆ చీటీలావిడ ఎక్కువ తిండి వేసిందన్నారే మీరు?”

“అన్నాను.”

“అన్నయ్యా అంటుందన్నారే ఆవిడ మిమ్మల్ని?”

“అంటుంది.”

“బాగుంది” అంది భార్య, ఇక ఒక్క ముక్క కూడా తిట్టలేదు. తిడితే బాగుండుననుకున్నాడు.

నీళ్ళు పరీక్షించే మందుల పెట్టె ఆయన దగ్గర ఎప్పట్నుంచో ఉంది. మూత కూడా తీయలేదు, నాలుకకి అవమానమని. ఆ నాలుక సంగతి ఇప్పుడు చెప్పేస్తాను. ఆయన రుచి చూసేముందు ఉప్పు కొలిచే గొట్టంలోకి దొంగచాటుగా ఓ కన్ను వేసేవాడు. అందులో చూసిన అంకె చెప్పి నాలుకకి పేరు తెచ్చేవాడు. ఇక నా మీసం అంటారా, నాకు మీసం ఎప్పుడూ లేదు, కాబట్టి నాకొచ్చిన నష్టమేమీ లేదు.

మర్నాడు క్లినిక్కు కుళాయి నీళ్ళు సీసాలో పట్టుకొచ్చి, గాజు గొట్టంలో పోసి మందు చుక్కలు వేశాడు. ఫాస్ఫేటు అనే ఆ ఎరువు లేకపోతే నీళ్ళు రంగు మారకుండా ఉండాలి. చూస్తుండగానే సిరా పోసినట్టు నీలంగా మారాయి. మూడు నెలలకి పైగా తనే గడ్డికి ఎరువు మోసి పోశాడు.

నిజం చెప్పేద్దామని బయల్దేరాడు. క్లినిక్కు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. ముందు తొట్టి బాగుచేద్దాం, నాచు పోతే గొడవా పోతుంది, అందరూ మరిచిపోతారు అనుకున్నాడు. ఇక చూడండి ఆ మనిషి కష్టం! ఇంటి మిషనులో వడపోత మార్చాడు. వారానికి రెండుసార్లు డబ్బాలు మోశాడు. రాళ్ళు ఒక్కొక్కటే పైకి తీసి, పళ్ళు తోముకునే బ్రష్షుతో నాచుని కుదుళ్ళతో సహా గీకాడు. తెగిన నాచు నీళ్ళలో తేలి ఇంకోచోట పాతుకోకుండా గొట్టంతో లాగేశాడు. దీపాలు వెలిగే గంటలు తగ్గించాడు. నాచు మేసే నత్తల్ని ఓ డజను దించాడు.

ఆరు వారాలు పట్టింది. రాళ్ళు బయటపడ్డాయి. ముడుచుకున్న పగడాల్లో ఒకటి విచ్చుకుంది. రెండోది చచ్చిపోయింది.

డాక్టరమ్మ తొట్టి ముందు నిలబడి మురిసిపోయింది. “శభాష్ అండీ! మీ మాటే నిజమైంది.” అని బల్ల వైపు తిరిగింది. “చూశావా? నీ చేతిలోంచి డబ్బా తీసేశాక నీళ్ళు ఎలా తేటపడ్డాయో? సోమవారం నుంచి మా తమ్ముడి కూతురొస్తుంది, సొరుగులు సర్దిపెట్టు.”

చీటీలావిడ సొరుగు లాగింది. పన్నెండేళ్ళ పెన్నులు, రబ్బరు బ్యాండ్లు, ఒక దువ్వెన.

ఉప్పాయనకి తల కొట్టేసినట్టయింది. నాచు పోతే అబద్ధం పోతుందనుకున్నాడు. నాచు పోయి అబద్ధం స్థిరపడింది! తను గీకిన ప్రతి రాయీ ఆవిడ మీద సాక్ష్యం చెప్పింది.

“డాక్టరమ్మా, ఒక్క మాట” అన్నాడు, చేతిలో బ్రష్షుతో.

“లోపలికి రండి, మాట్లాడదాం.”

“లోపల వద్దండీ. ఆ రోజు ఇక్కడే అన్నాను, నలుగురిలో.”

బెంచీ మీద నలుగురున్నారు. ఒకావిడ దవడ మొద్దుబారి సగం నోరే తెరుచుకుంది. ఉప్పాయన నేలకేసి చూస్తూ చెప్పాడు. లిఫ్టు, మోకాలు, కుళాయి, సాలీడు. నాలుక సంగతి కూడా.

“తిండి చిటికెడే వేసిందండీ. గడ్డి నా నీళ్ళకే పెరిగింది. నాకు తెలిసి కూడా ఆరు వారాలైంది.”

“తెలిసిన రోజే ఎందుకు చెప్పలేదు?”

“సిగ్గేసింది.”

“మరి ఇప్పుడు?”

“ఇప్పుడు ఇంకా ఎక్కువేసిందండీ.”

డాక్టరమ్మ లోపలికెళ్ళి తిండి డబ్బా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. “నేనూ కనుక్కోకుండా నమ్మాను, నా తప్పూ ఉంది. ఆ కుర్చీ ఎక్కడికీ పోదు. డబ్బా మాత్రం మీ చేత్తోనే ఇవ్వండి ఆవిడకి.”

బల్ల దాకా ఆరడుగులు. రెండంతస్తులు డబ్బాలు మోసినా అంత ఆయాసం వచ్చేది కాదు ఆయనకి.

“చెల్లెమ్మా...” అన్నాడు. డబ్బా ముందుకి చాపాడు.

ఆవిడ డబ్బా అందుకుంది. “పోనీలే అన్నయ్యా, ఎవరికి పడదు తప్పటడుగు?” అని నవ్వి, ఫ్లాస్కు మూత తీసింది.

దువ్వెన వెతికిన చేపని మీరెలాగూ నమ్మి ఉండరు, దాన్ని వదిలేయండి. కానీ ఈ చివరి మాటా, ఈ నవ్వూ, ఫ్లాస్కూ కూడా నేను కల్పించినవే. ఉప్పాయన మొహం చూడలేక అతికించాను. జరిగింది ఇంతే. ఆవిడ డబ్బా మూత బిగుతుగా ఉందో లేదో చూసుకుంది, బయటికి తీసిన పెన్నులన్నీ తిరిగి సొరుగులో పెట్టుకుంది, ఆయన భుజం మీదుగా బెంచీ వైపు చూసి “తరవాత ఎవరండీ?” అంది.